మేకపోతు అత్తరు

ప్రొద్దుటూరు,
జూలై, ఆదివారం.

సూది వేయని డాక్టరు, మా మరదలు కళ్యాణికి,

బావ బాలన్న రాస్తున్నది. భయపడొద్దు, ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి కాగితం మీద పడ్డాను. పగలేమో ల్యాబ్‌లో ఫోన్ బయట పెట్టాలంటావు, సాయంత్రమేమో ఒళ్లు అలసిందంటావు. ఉత్తరానికైతే మధ్యలో కట్ చేసే బటన్ ఉండదు. చదవక తప్పదు.

ఇక్కడ అంతా మామూలే. అంగడి తెరుస్తున్నాను, మూస్తున్నాను. నువ్వు మనుషులకు మందులు కనిపెడతావు, నేను గొర్రెలకు మందులు అమ్ముతాను. చూడబోతే నా పనే మేలు. నీ మందు ఒక మనిషి మింగాలంటే ఏళ్లకు ఏళ్లు ఎవరెవరో సంతకాలు పెట్టాలి. నా మందు నోట్లో పోస్తే గొర్రె మొహం చిట్లించి మందలోకి పోతుంది. ఇంతవరకు ఒక్క గొర్రె కూడా తిరిగొచ్చి నా మీద ఫిర్యాదు చేయలేదు.

అంగట్లో మీ అక్క కూర్చునే స్టూలు అలాగే ఉంది. ఎవరైనా కూర్చోబోతే కాలు విరిగిందని చెబుతున్నాను. విరగలేదు.

మొన్న జమ్మలమడుగు పోయి మీ అమ్మను చూసొచ్చాను. గురవమ్మత్త గట్టిగానే ఉంది. వచ్చేటప్పుడు మాత్రం ఒక మాట అంది. "ఆ పొద్దు చిన్నది ఏడ్వనే లేదు కదప్పా. అక్క పక్కన రాయి మాదిరి కూర్చున్యాది. ఈదిలో ఆడోళ్లు ఇప్పటికీ అనుకుంటాండారు."

"అది పెద్ద చదువులు చదివినాది కదత్తా, ఇంగ్లీషులో ఏడ్చింటాది. మనకు తెలిసిండదు" అన్నాను. ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. నాకు రెండూ రాలేదు. బస్సు టైమైందని లేచి వచ్చేశాను.

ఈ ఉత్తరంతో పాటు పులివెందుల బస్సులో ఒక డబ్బా వేస్తున్నాను. సిరాజుద్దీన్ అంగడి గులాబీ అత్తరు. సీసాతో పాటు దూది ఉంది. దాన్ని చేతిసంచిలో పడేసుకో, రోజంతా గుమగుమ. నీ ముక్కు సామాన్యమైంది కాదు కదా. చిన్నప్పుడు కళ్లు మూసుకుని ఏ పిల్ల ఏ గొర్రెదో వాసన పట్టి చెప్పేదానివి. మా పెళ్లిలో నా జేబు వాసన చూసి "బావ బీడీలు తాగుతాండాడు" అని పందిరంతా వినపడేట్టు అరిచిన ముక్కు అది. ఆ ముక్కుకే ఈ కానుక. ఎలా ఉందో తప్పకుండా రాయి.

బావ,
బాలన్న

* * *

పులివెందుల,
జూలై.

బావకు,

ఉత్తరం, డబ్బా అందాయి. అత్తరు బాగుంది. మంచి గులాబీ. దూదిని చేతిసంచిలో పెట్టుకున్నాను. ఆ రోజే మా పని చూడటానికి బయటి నుంచి కొందరు వచ్చారు. ఆ మీటింగుకు కూడా తీసుకెళ్లాను.

ఏం పని చేస్తున్నావని అక్క ఎప్పుడూ అడిగేది. నువ్వు అడగవు, అయినా చెబుతాను. పన్ను పీకే ముందు చిగుళ్లకు మొద్దుబారే సూది వేస్తారు కదా, అలాంటి మందే, ఎక్కువసేపు నిలిచేది కావాలి. ఆ అణువుకు ఒక కొస కొవ్వులో కరగాలి, ఇంకో కొస నీళ్లలో కరగాలి. రెంటికీ నడుమ ఒక వంతెన. ఒంట్లోకి పోయాక ఆ వంతెన తెగితే మొద్దు వదులుతుంది. అది తొందరగా తెగకుండా చూడటం నా పని. ఆసియా అని వేంపల్లె అమ్మాయి నా దగ్గర చేస్తోంది. మంచి చెయ్యి.

హైదరాబాదు కంపెనీలో ఉన్నప్పుడు నా అణువు ఒకటి మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. కాలేయానికి చేటని తేలి ఆగిపోయింది. అప్పుడు చాలా బాధపడ్డానని గుర్తుంది. బాధ ఎలా ఉండిందో మాత్రం గుర్తు లేదు.

అమ్మ మాటకు నువ్విచ్చిన జవాబు బాగుంది.

కళ్యాణి

* * *

ప్రొద్దుటూరు,
ఆగస్టు.

ఓసి దొంగా,

ఉత్తరం చదివి అంగట్లో ఒక్కడినే కూర్చుని నవ్వాను. పొట్టేలుకు మందు కోసం వచ్చిన ఆసామి నన్ను చూసి పక్క అంగడికి పోయాడు.

మంచి గులాబీనా? ఆ సీసాలో ఉండేది మంచినూనె. ఆ దూదిని నా చేత్తో నేనే మేకపోతు గడ్డానికి రుద్ది రుద్ది పెట్టాను. మదమెక్కిన పోతు! పక్క వీధిలో ఉన్నా కళ్లు మండే రకం. సిరాజుద్దీన్‌ను ఖాళీ సీసా అడిగితే ఆయన అనుమానపడ్డాడు.

"ఏంది బాలన్నా, నా అంగడి పేరుండే సీసాలో ఏం పోసి పంపుతాండావు?"

"మా మరదలికి మామా. ఊరికే, తమాషాకి."

"అరే, నా పేరు గబ్బు పడితే? నలుగురూ సిరాజుద్దీన్ సాయిబు అత్తరు మేక కంపు కొడ్తాదంటే నేను యాడికి పోవాల?"

అంత కష్టపడి పంపితే, నువ్వు కిక్కురుమనకుండా "మంచి గులాబీ" అని రాసి నన్నే బోల్తా కొట్టించావు. మీటింగుకు తీసుకెళ్లానని వేరే! నీ మీద ఈ ఆట మొదలుపెట్టి ఇన్నేళ్లయింది, ఇంత చక్కగా ఎప్పుడూ తిప్పికొట్టలేదు. చాలా రోజుల తర్వాత నాకు కొంచెం బాగనిపించింది.

ఇంకో పొట్లం పంపుతున్నాను. మీ అక్క శాలువా. చలికాలం పొద్దున్నే అంగడి తెరిచేటప్పుడు కప్పుకునేది కదా, అదే. ఎందుకు పంపుతున్నానని అడగొద్దు. విప్పితే నీకే తెలుస్తుంది. నీకు తప్ప వేరే ఎవరికీ తెలియదు కూడా. కొన్నాళ్లు ఉంచుకుని, కార్తీకంలో మీ అక్కకు ఏడాది పెట్టేటప్పుడు వెనక్కి తెచ్చివ్వు.

బావ

* * *

పులివెందుల,
ఆగస్టు.

బావకు,

ఒకసారి ఓడిపోయావని మళ్లీ మొదలుపెట్టావా? పొట్లం విప్పగానే ముక్కు పగిలిపోయింది. పోతు కంపు! ఈసారి గడ్డం కాదు, మేకనే చుట్టి పంపినట్టున్నావు. అక్క వస్తువుతో కూడా ఆటలేనా అనుకున్నాను. కోపం రాలేదులే. నీ సంగతి తెలిసిందే.

ఆదివారం కూర్చుని శుభ్రంగా ఉతికాను. ఉన్ని కాబట్టి వేడినీళ్లు వాడలేదు, గోరువెచ్చని నీళ్లలో సబ్బు కరిగించి నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి జాడించాను. కొంచెం వెనిగర్ కూడా వేశాను. మిద్దె మీద నీడలో ఆరేశాను. ఇప్పుడు నీ పోతు పేరు కూడా మిగల్లేదు. అప్పుడెప్పుడో మూల చిరిగితే హాస్టల్ నుంచి వచ్చినప్పుడు నేను ఆకుపచ్చ దారంతో వేసిన నా ఎడమచేతివాటం కుట్టు ఇంకా గట్టిగా ఉంది. ఇస్త్రీ చేసి ఇదే బస్సులో పంపుతున్నాను. ఏడాదికి కొత్తదానిలా ఉంటుంది.

ఆసియా చేసిన కొత్త పదార్థం ఎలుక తోక మీద బాగా పనిచేసింది. తోకకు వేడి తగిలించినా ఆ ఎలుక కదల్లేదు. నేను చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

కళ్యాణి

* * *

ప్రొద్దుటూరు,
సెప్టెంబరు.

కళ్యాణికి,

శాలువా అందింది.

దానికి నేను ఏ మేకనూ తాకించలేదు. భారతి పోయినప్పటి నుంచి దాన్ని ఇనప్పెట్టెలో పెట్టాను. ఉతకలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎప్పుడైనా మూత కొంచెం ఎత్తి, మొహం పెట్టి, మళ్లీ మూసేవాడిని. ఆమె తలనూనె, తమలపాకు, అంగట్లో మందుల వాసన. ఆమే. రోజురోజుకూ పలచబడుతున్నట్టు అనిపించింది. అయిపోయేలోగా నీక్కూడా కొంచెం అందాలని పంపాను.

ఇందులో పోతు కంపు నీకు ఎక్కడ కొట్టింది?

బాలన్న

* * *

పులివెందుల,
సెప్టెంబరు.

బావకు,

నాకు వాసన తెలియదు.

ఇది రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. పోయిన వానాకాలంలో, అక్క పోవడానికి ముందు, జ్వరం వచ్చింది గుర్తుందా? జ్వరం తగ్గింది, వాసన తిరిగి రాలేదు. డాక్టరు చుక్కలిచ్చాడు, తర్వాత చుక్కలు కూడా మానేయమన్నాడు. వస్తే వస్తుందన్నాడు. రాలేదు.

నీకు ఇది ఏమంత పెద్ద సంగతి అనిపించకపోవచ్చు. నా చదువంతా ముక్కుతో చేశాను. ప్రొద్దుటూరు కాలేజీలో మొదటిసారి సారాయి, ఆమ్లం కలిపి కాస్తే గిన్నెలోంచి మాగిన పండు వాసన వచ్చింది. పండు లేకుండా పండు. ఆ రోజే అనుకున్నాను, బతికితే ఈ పనే చేయాలని. తిరుపతిలో ఎమ్మెస్సీకి చేప కంపు కొట్టే పిరిడీన్, పీహెచ్‌డీలో అంతా గంధకం పదార్థాలు. హాస్టల్లో నా పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినేవాళ్లు కాదు. బస్సులో కండక్టరు గ్యాస్ లీకైందని అందరినీ దించబోయాడు. అది నా చున్నీ. అక్కకు చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. కంపెనీలో చేరాక, పని పూర్తయిందో లేదో మిషను చెప్పేలోపు నేను చెప్పేదాన్ని. పాత వాసన పోయి కొత్త వాసన వస్తుంది, అంతే.

ఇప్పుడు అన్ని సీసాలూ నీళ్లే.

అక్క దగ్గర కూర్చున్నప్పుడు అగరొత్తుల పొగ కళ్లకు తగిలింది. ముక్కుకు ఏమీ తగల్లేదు. పూలు, పసుపు, నూనె, ఏవీ లేవు. గాజు అవతల ఎవరినో పడుకోబెట్టినట్టు ఉంది. అది అక్క అని నాకు నమ్మకం కుదరలేదు. ఏడుపు ఎలా వస్తుంది?

అత్తరు గురించి రాసింది అబద్ధం, గులాబీ అని సీసా మీద ఉంది కాబట్టి అలా రాశాను. శాలువా కంపు కొట్టిందన్నదీ అబద్ధం, నువ్వు మళ్లీ అదే చేసి ఉంటావనుకున్నాను. వాసన తెలిసినట్టు కనపడాలని రాశాను. మీటింగులో ఆ వచ్చినవాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఆసియా పోయి కిటికీ తీసింది. ఎందుకో నీ ఉత్తరం చదివాక తెలిసింది.

ఇంకొకటి ఉంది. పోయిన నెల ఈథర్ సీసా మూత సరిగా పట్టలేదు. అది పెట్రోలు కంటే తొందరగా అంటుకుంటుంది. పక్కనే వేడి పలక పనిచేస్తోంది. నేను ఆ గదిలోనే కూర్చుని రాసుకుంటున్నాను. ఆసియా భోజనం చేసి తలుపు తీసి అరిచింది. "మేడమ్, ఈథర్! బయటికి రండి!" తనే పరిగెత్తి వెళ్లి మెయిన్ స్విచ్ ఆపింది. తర్వాత "మీకు తెలీలేదా మేడమ్?" అని అడిగింది. జలుబు చేసిందన్నాను.

ఇక్కడ ఎవరికీ చెప్పొద్దు. చెబితే నన్ను ల్యాబ్‌లో అడుగుపెట్టనివ్వరు. అది తప్ప నాకు వేరే ఏ పనీ రాదు.

శాలువా గురించి ఏం రాయాలో తెలియడం లేదు. ఉతికింది నేనే. అంత శుభ్రంగా ఉతికింది నేనే.

కళ్యాణి

* * *

ప్రొద్దుటూరు,
సెప్టెంబరు, అదే వారం.

కళ్యాణికి,

శాలువా సంగతి పక్కన పెట్టు. ఆసియా సంగతి చెప్పు. ఆ పిల్ల భోజనానికి పోయి రావడం ఇంకాస్త ఆలస్యమైతే? ఆ రోజు సెలవు పెట్టి ఉంటే? లేదా ఆ పిల్ల స్విచ్ ఆపేలోపే అంటుకుని ఉంటే?

ఊరు, పేరు చెప్పకుండా సిరాజుద్దీన్‌ను అడిగాను. అత్తరు అమ్మేవాడికి ముక్కు పోతే ఏం చేస్తాడు మామా అని.

"ఏం చేస్తాడప్పా? చెప్పుకుంటాడు."

"చెప్పుకుంటే బేరాలు పోవా?"

"పోతాయి. చెప్పకుంటే గులాబీ అని మేకపోతును అమ్ముతాడు." అని నా మొహం ఎగాదిగా చూశాడు. "అది నువ్వు ముక్కుండే చేస్తావులే."

నాకు రసాయనాలు తెలియవు, ఇంటర్లో రెండుసార్లు తప్పినవాడిని. తమాషాలు మాత్రం తెలుసు. తమాషాకు ఒక లెక్క ఉంటుంది. అవతలివాడు ఉలిక్కిపడాలి, తర్వాత వాడు కూడా నవ్వాలి. నీ అబద్ధంలో నవ్వేవాళ్లు ఎవరూ లేరు. అది తమాషా కాదు.

దసరా సెలవులకు ముందే మీ పెద్దాయనకు నువ్వు చెప్పాలి. చెప్పకపోతే నేనే వస్తాను. ఒక్కడినే రాను, పోతును కూడా బస్సెక్కించుకుని వస్తాను. మీ గేటు ముందు కట్టేసి, ఎవరికి వాసన కొడుతోందో ఎవరికి కొట్టడం లేదో చేతులెత్తమంటాను. నేను అంతపని చేసేవాడినని నీకు తెలుసు. పందిట్లో పరువు పోగొట్టుకున్నవాడికి ఇంక పోయేదేముంది?

జవాబు రాయి.

బావ

* * *

పులివెందుల,
అక్టోబరు.

బావకు,

పోతును బస్సెక్కించక్కర్లేదు. చెప్పేశాను.

మా ల్యాబ్ పెద్ద సుధీర్ గారు నా కంటే చిన్నవాడు. చెప్పగానే ఆయన మొదట టేబుల్ మీది పెన్ను సర్దాడు. "ఎప్పటి నుంచి మేడమ్?" అన్నాడు. చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది. ఈథర్ సంగతి కూడా చెప్పాను. ఆసియాను పిలిచి ఆమె ముందే చెప్పాను.

ఆసియా ఏడ్చింది. "నాకు అనుమానం వచ్చినాది మేడమ్. అడిగితే మీరు నొచ్చుకుంటారని అడగలేదు" అంది. నాకోసం ఏడుస్తోందా, తనకోసం ఏడుస్తోందా తెలియలేదు. నేను ఆమెకు నీళ్లిచ్చాను.

నా టేబుల్‌ను గాజు గోడ ఇవతలకు మార్చారు. ఏ అణువు చేయాలో నేను గీసిస్తాను, లోపల ఆసియా చేస్తుంది. తోడుగా ఇంకొకరిని ఇచ్చారు. జీతం అంతే, హోదా అంతే. ల్యాబ్ కోటు మాత్రం వేసుకోవక్కర్లేదు. అయినా పొద్దున్నే అలవాటుగా కొక్కెం దగ్గరికి పోతున్నాను. కోటు చూసి వెనక్కి వస్తున్నాను.

ఆసియా ఒక పని మొదలుపెట్టింది. నేను చెప్పలేదు. ఏ సీసా తెరిచినా గాజు దగ్గరికొచ్చి వాసన గట్టిగా చెబుతోంది. "చేప మేడమ్." "జామకాయ మేడమ్." "ఇది ఎట్లుందంటే, వానకు తడిసిన గొర్రె ఉంటాది కదా, అట్లుంది మేడమ్." నేను తల ఊపుతున్నాను. తడిసిన గొర్రె అంటే నాకు మాట తెలుసు, అంతవరకే.

ఏడాదికి నేను రాను. పెట్టె ముందు ఏ మొహంతో నిలబడాలి? అక్కది నీ దగ్గర మిగిలింది ఆ శాలువా ఒక్కటే. దాన్ని సబ్బు పెట్టి కడిగి, ఇస్త్రీ చేసి, పైగా పోతు కంపు అని రాశాను. నాకు ఒంట్లో బాగాలేదని అమ్మకు చెప్పు. నువ్వు నమ్మేట్టు చెప్పగలవు.

కళ్యాణి

* * *

ప్రొద్దుటూరు,
అక్టోబరు.

తెలివిగల మరదలికి,

చెప్పినందుకు సంతోషం. పోతుకు కూడా చెప్పాను. బస్సు ప్రయాణం తప్పిందని అది కొంచెం నిరుత్సాహపడింది.

ఇంక దాచడం నా వల్ల కాదు. నువ్వు చిత్తుగా ఓడిపోయావు! నీకు పంపిన శాలువా భారతిది కానే కాదు. అలాంటిదే కొత్తది మార్కెట్లో కొని, నాలుగు రోజులు నేను కప్పుకుని, కొంచెం మట్టి పట్టించి పంపాను. నిన్ను ఏడిపించాలని. నేను రాసిన ఆ కోపం ఉత్తరం కూడా నాటకమే. ఎలా ఉంది? రంగస్థలం మీదికి పోవాల్సినవాడిని, గొర్రెల మందులు అమ్ముతున్నాను.

భారతి శాలువా ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది. మూత కూడా తీయలేదు. వాసన ఎక్కడికీ పోలేదు.

ఆకుపచ్చ కుట్టు సంగతి అంటావేమో. అది దర్జీతో వేయించాను. నువ్వు ఎలాగూ పట్టుకుంటావని ముందే అనుకున్నా. మన పని అంత పక్కాగా ఉంటుంది.

కాబట్టి పిచ్చి మాటలు మాని ఏడాదికి రా. జమ్మలమడుగులోనే పెడుతున్నాం. నీకు ఒంట్లో బాగాలేదని నేను చెప్పను. చెబితే మీ అమ్మ ఏం చేస్తుందో తెలుసు కదా, ముద్దలు కలిపి డబ్బాలో పెట్టుకుని పులివెందుల బస్సెక్కుతుంది. నువ్వు ఏడవకపోయినా ఫరవాలేదు. నేనూ ఏడవను. ఇద్దరం ఒక మూల కూర్చుందాం. ఈదిలో ఆడవాళ్లు ఇద్దరినీ కలిపి అనుకుంటారు, నీ మీద బరువు సగమవుతుంది.

బావ

* * *

పులివెందుల,
నవంబరు.

బావకు,

మళ్లీ మోసపోయాను. ఒప్పుకుంటున్నాను. దర్జీ గట్టి పనివాడు. ఎడమచేతి కుట్టును కూడా అచ్చు దించాడు. దారం వెలిసిన రంగుతో సహా.

వస్తున్నాను. ముందురోజే బయలుదేరి ముద్దనూరు మీదుగా వస్తాను. అమ్మకు చెప్పు. ఆసియా కూడా వస్తానంది. దారిలో ఏ వాసన వచ్చినా నాకు చెబుతుందట. నువ్వు ఆమెతో ఆటలాడొద్దు. ఆమెకు ముక్కు ఉంది.

అన్నం వడ్డించేటప్పుడు నా పక్కన కూర్చో. ఏది ఏ వాసనో చెబుతూ ఉండు. తప్పు చెప్పినా సరే, నాకెలాగూ తెలియదు.

ఒక్క మాట మాత్రం విను. నన్ను నమ్మించడానికి ఆ ఇనప్పెట్టె తెరిచి చూపించవద్దు. నేను అడగను, ఎవరు అడిగినా నువ్వు తీయొద్దు. వాసన అంటే ఆ వస్తువులోంచి కొంచెం కొంచెంగా గాలిలోకి వెళ్లిపోయే వస్తువే. మూత తీసిన ప్రతిసారీ కొంత తగ్గుతుంది. కెమిస్టుగా చెబుతున్నాను బావా. పెట్టె మూసే ఉంచు.

కళ్యాణి